తూనికరాయి, ఆకుపచ్చ కుర్చీ

జనవరి 12, ఆదివారం

ఈ నోటుపుస్తకం పుట్టబోయే బిడ్డకి పేర్లు రాసుకోమని మా ఆవిడ జియానా కొనిచ్చింది. మొదటి పేజీలో ఐదు పేర్లు రాశాను. నాలుగింటిని కొట్టేసింది, ఐదోది చూసి పడీపడీ నవ్వింది. మిగతా పేజీలు ఖాళీగా పోతాయి కదా అని నా గోడు రాసుకుంటున్నాను. గోడంటే పెద్దదేం కాదు. ఇవాళ మళ్ళీ ఓడిపోయాం. నలభై ఆటల్లో ముప్ఫై ఒకటో ఓటమి. పిట్స్‌బర్గ్ బార్జ్‌మెన్ బాస్కెట్‌బాల్ జట్టంటే ఊళ్ళో చిన్నపిల్లలు కూడా జాలిపడుతున్నారు.

"కడుతున్నాం, ఓపిక పట్టండి" అని మా మేనేజర్ హోల్‌బ్రూక్ గారు మూడేళ్ళుగా చెబుతున్నారు. పాత జట్టుని పునాదులతో సహా పీకేసి కుర్రాళ్ళతో కొత్తగా కట్టడం అన్నమాట. ఎంత ఓడితే, ఏటా జరిగే డ్రాఫ్టులో కొత్త కుర్రాళ్ళని అంత ముందుగా ఎంచుకునే హక్కు దక్కుతుంది. మా కుర్రాళ్ళకి ఇరవై, ఇరవై రెండు. నాకు ముప్ఫై నాలుగు. పదకొండేళ్ళలో ఇది ఆరో జట్టు. అయినా గత వేసవిలో నా జన్మలో చూడనంత జీతంతో ఒక ఏడాదికి మళ్ళీ కాంట్రాక్టు రాసిచ్చారు. ఆటకి ఎనిమిది నిమిషాలు ఆడేవాడికి! "నువ్వు మా కుర్రాళ్ళకి మేష్టారివి వెండెల్" అన్నారు హోల్‌బ్రూక్ గారు. నాకు కళ్ళు చెమర్చాయి. జియానా మాత్రం ఆ కాగితం రెండుసార్లు చదివి, "మేష్టర్లకి ఇన్ని సున్నాలు ఎవరిస్తారయ్యా? నేనూ మేష్టర్నే కదా" అంది. తను బడిలో పిల్లలకి సంగీతం చెబుతుంది. అసూయ అనుకున్నాను.

పొద్దున్న మంచు మోకాళ్ళ దాకా పడింది. ఇంటి ముందు కారు చోటు గంటంబావు తవ్వి, ఆకుపచ్చ కుర్చీ వేసి ప్రాక్టీసుకి వెళ్ళాను. మా వీధిలో ఎవరికీ షెడ్డు లేదు. ఎవడు తవ్వితే చోటు వాడిది. వెళ్ళేటప్పుడు కుర్చీ వేసి వెళ్తే ఇక ఆ చోటు జోలికి గవర్నరు కూడా రాడు. మా కుర్చీ జియానా తాతగారిది, ఒక చెయ్యి విరిగిపోయింది. ఎదురింటి డినార్డో మామ్మగారు కిటికీలో కూర్చుని దానికి కాపలా కాస్తారు. ఎవరూ అడగలేదు, ఆవిడే కాస్తారు.

ఇంత సంపాదిస్తూ ఈ ఇరుకువీధిలో ఏంటని మా కుర్రాళ్ళు నవ్వుతుంటారు. వాళ్ళకేం తెలుసు. ఆరు ఊళ్ళు, తొమ్మిది అద్దె ఇళ్ళు. అన్నిచోట్లా పోస్టుపెట్టె మీద నా పేరు స్టిక్కరే. ఇది జియానా పుట్టిన ఇల్లు. ఇక్కడ నా పేరు పెయింటుతో రాసి ఉంది.

జనవరి 14

ఓడాం. నాలుగు నిమిషాలు ఆడాను. ఒక రీబౌండ్. అదీ నేను పట్టింది కాదు, బంతే వచ్చి ఒళ్ళో పడింది.

జనవరి 16, గురువారం

హోల్‌బ్రూక్ గారు పిలిపించి తలుపు వేయమన్నారు. నన్ను ఇంతవరకు ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకి చేతులు మార్చిందంతా తలుపులు వేసిన గదుల్లోనే.

"భయపడకు, కూర్చో. నీకు కీనన్ ట్రస్క్ బాగా తెలుసు కదా?"

తెలియకపోవడమేమిటి! రెండు సీజన్ల కిందట టక్సన్‌లో నేనున్నప్పుడు కీనన్ కొత్తగా చేరాడు. పందొమ్మిదేళ్ళు, ఆరడుగుల ఎనిమిదంగుళాలు. కొత్తగా వచ్చినవాడు రోజూ పొద్దున్నే సీనియర్లకి డోనట్లు తేవాలని మా ఆటలో ఒక ఆనవాయితీ. ఆ కుర్రాణ్ణి నాకు అప్పజెప్పారు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు పడుకోవాలి, విలేఖరులతో ఏం మాట్లాడకూడదు, అన్నీ నేనే నేర్పాను. ఇప్పుడు వాడు ఆటకి ఇరవై ఆరు పాయింట్లు వేస్తున్నాడు.

"టక్సన్ వాళ్ళు వాణ్ణి వదులుతారా సార్?"

"అక్కడి కోచ్‌తో పడట్లేదట. కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టనంటున్నాడు. మనల్ని రాబోయే మూడేళ్ళ మొదటి రౌండు డ్రాఫ్టు హక్కులన్నీ అడుగుతున్నారు. అంటే మూడేళ్ళు మనం ఓడి ఓడి పోగేసుకున్నదంతా ఒక్క పిల్లాడి మీద పెట్టాలి. ఆట నాకు కనిపిస్తూనే ఉంది. మనిషి ఎలాంటివాడో నువ్వు చెప్పాలి."

"బంగారం సార్" అన్నాను. అరగంట ఆపకుండా పొగిడాను. "కళ్ళు మూసుకుని పెట్టేయండి సార్. మీరు వచ్చే ఏడు కట్టాలనుకున్న మేడ ఈ ఏడే లేస్తుంది" అని కూడా అన్నాను.

ఆయన నా వైపు కాసేపు అదోలా చూశారు. "నువ్వు చాలా మంచివాడివి వెండెల్" అన్నారు.

అనుభవానికి ఎంత గౌరవం ఇస్తారో మనిషి!

జనవరి 19, ఆదివారం

కొంప మునిగింది.

డినార్డో మామ్మగారికి డెబ్భై తొమ్మిదేళ్ళు. వంటింట్లో పొద్దున లేచింది మొదలు ఆటల రేడియో మోగుతూనే ఉంటుంది. కీనన్ సంగతి ఎలా పొక్కిందో, నిన్నట్నుంచీ రేడియోలో అదే గోల. ఊరు రెండుగా చీలిపోయింది. మామ్మగారి మెట్ల మీద మంచు తీస్తుంటే కిటికీ తెరిచి మొదలెట్టారు.

"మూడు హక్కులా! ఆ హోల్‌బ్రూక్‌కి మతి పోయిందా? పిండి ఇంకా పొంగనే లేదు, అప్పుడే పొయ్యిలో పెడతాడట. ఐదేళ్ళు ఆగితే దివ్యమైన జట్టవుతుంది."

"ఐదేళ్ళు మీరు ఆగగలరా మామ్మగారూ?"

"నేను ముప్ఫై ఏళ్ళుగా ఆగుతున్నానురా. నాకు అలవాటే. నీ సంగతి చెప్పు, టక్సన్‌లో ఇల్లు చూసుకున్నావా?"

"నాకెందుకు?"

మామ్మగారు కళ్ళజోడు సవరించుకుని నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఒరే అబ్బాయ్, ఆ కీనన్ జీతం ఎంతో తెలుసా? ఇంచుమించు నీ జీతమెంతో అంతే. అదెలా కుదిరిందంటావ్?"

"కాకతాళీయం."

"కాకతాళీయం!" ఆవిడ నవ్వుకి పక్కింటి కుక్క లేచి మొరిగింది. "రెండు వైపులా జీతాలు సరితూగకపోతే లీగు వాళ్ళు మార్పిడికి ఒప్పుకోరు. అటు పళ్ళెంలో పిల్లాడు. ఇటు పళ్ళెంలో ఏం పెట్టాలి? తూనికరాయి పెట్టాలి. ఆ రాయివి నువ్వే నాయనా. వేసవిలోనే కొని అటక మీద పెట్టుకున్నాడు, ఎప్పుడైనా పనికొస్తుందని. ఎనిమిది నిమిషాలు ఆడేవాడికి ఆ జీతం ఎందుకిచ్చాడనుకున్నావు, నీ అందం చూసా?"

మంచు తీసేసిన మెట్టునే మళ్ళీ తవ్వడం మొదలెట్టాను.

"అయితే ఒకటి" అన్నారు మామ్మగారు, పాపం ఓదార్పుగా. "ఉన్న జట్టులోనే మళ్ళీ ఏడాదికి సంతకం పెట్టావు గనక, నీ ఒప్పుకోలు లేనిదే నిన్ను పంపడానికి వీల్లేదట. అదీ రేడియోలోనే చెప్పారు."

"అంటే నేను కాదంటే చాలా?"

"చాలు. కాకపోతే మర్నాడు ఊళ్ళో సగంమంది నీ ఇంటి మీదికొస్తారు."

జియానాకి ఏప్రిల్ ఇరవై రెండుకి పురుడని డాక్టరు చెప్పాడు. బడి జూన్ దాకా ఉంది. టక్సన్ ఇక్కడికి విమానంలో అరపూట.

"మేష్టారివి" అన్నాడు ఆ పెద్దమనిషి. మేష్టారట!

జనవరి 21

జట్టు మేలు కోరి, నా సంగతి పూర్తిగా పక్కన పెట్టి, కీనన్ గురించి నిదానంగా ఆలోచించాను. మొన్న హోల్‌బ్రూక్ గారి దగ్గర తొందరపడ్డాను. వాడికి ఎడమచేత్తో బంతి ఆడించడం ఇంకా సరిగా రాదు. బంతి పోతే వెనక్కి పరిగెత్తడానికి బద్ధకం. బూట్ల లేసులు సరిగా కట్టుకోడు. మామ్మగారు అన్నట్టు పిండి కూడా పొంగలేదు. ఇలాంటివి పెద్దవాళ్ళు చెప్పకపోతే ఎవరు చెబుతారు?

జనవరి 23, గురువారం

నేనే హోల్‌బ్రూక్ గారి గదికి వెళ్ళాను. తలుపు నేనే వేశాను.

"సార్, మొన్న ఒకటి చెప్పడం మరిచాను. లైట్లు వెలుగుతున్నప్పుడు కీనన్ బాగా ఆడతాడు. ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తాడన్నది అనుమానం."

"అంటే?"

నోటికొచ్చింది చెప్పాను. ఒక ఫిబ్రవరి పొద్దున డోనట్లు తేకుండా, ప్రాక్టీసుకి కూడా ఆలస్యంగా వచ్చాడనీ, ఏంటని అడిగితే షాపు మూసేశారని అబద్ధం చెప్పాడనీ, కోచ్ జరిమానా వేశాడనీ. చెప్పిందాంట్లో ప్రతి ముక్కా జరిగిందే. ఒక్క ముక్క కూడా కల్పించలేదు.

హోల్‌బ్రూక్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చిన్న విషయమేననుకో. కానీ చిన్నవాటిలోనే మనిషి బయటపడతాడు. కనుక్కుంటాను."

జట్టుకి మంచి చేశాననే అనుకుంటున్నాను.

జనవరి 25

రేడియోలో చెప్పారు, పిట్స్‌బర్గ్ బేరం నుంచి తప్పుకుందట. మామ్మగారు కిటికీలోంచి చెయ్యెత్తి ఊపారు, ప్రపంచకప్పు గెలిచినట్టు. జియానాని భోజనానికి బయటికి తీసుకెళ్ళాను. ఎందుకింత హుషారని అడిగింది. ఊరికేనే అన్నాను. ఓడిపోయిన ఆటగాడు ఊరికే హుషారుగా ఉండకూడదా?

జనవరి 26

ఊరికే హుషారు లేదు ఇవాళ.

జనవరి 28, మంగళవారం

టక్సన్ జట్టు మా ఊరొచ్చింది. ఆట సాయంత్రం. మధ్యాహ్నం భోజనానికి కీనన్‌ని మా ఇంటికి పిలిచింది జియానా, నన్ను అడక్కుండా. ఆట మాట ఎలా ఉన్నా, ఆ కుర్రాడంటే తనకి ప్రాణం.

ఒంటిగంటకి వీధిలో కేకలు వినపడి బయటికి పరిగెత్తాను. మా చోట్లో ఒక అద్దెకారు. కుర్చీ కాలిబాట మీద. కారు పక్కన కీనన్, ఒక చేతిలో అట్టపెట్టె, రెండో చెయ్యి గాల్లో, పోలీసులకి లొంగిపోతున్నవాడిలాగ. ఎదురుగా కిటికీలోంచి మామ్మగారు.

"ఎవడ్రా నువ్వు? ఆ కుర్చీ ముట్టుకున్న చెయ్యి విరగ్గొడతాను!"

"ఎవరో పారేశారనుకున్నానండీ, చెయ్యి కూడా విరిగిపోయి ఉంటే..."

"పారేశారా! తవ్వావా నువ్వు? ఆ చోటు నువ్వు తవ్వావా అని అడుగుతున్నా!"

"లేదండీ."

"తవ్వనివాడివి కారెలా పెడతావురా?"

నేను సర్దిచెప్పబోతే కీనన్ వద్దన్నాడు. కారు తీసి, కుర్చీ మళ్ళీ ఎక్కడ ఉందో అక్కడే పెట్టి, మా మెట్ల మీదున్న పార అందుకుని వీధి చివర ఇంకో చోటు తవ్వడం మొదలెట్టాడు. ఆ సన్నటి బూట్లతోనే. అంతలో జియానా బడినుంచి కారులో వచ్చి, కుర్చీ తీసి తన చోట్లో దర్జాగా పెట్టుకుంది. "చూసి నేర్చుకో" అన్నారు మామ్మగారు.

వాడు లోపలికొచ్చేసరికి రెండు దాటింది. అట్టపెట్టె తెరిచాడు. డోనట్లు.

"ఇప్పుడింకా ఎందుకురా ఇవి?"

"నువ్వు సీనియరువే కదన్నా ఇంకా. వదినా, ఆ పంచదార పూసింది నీకు. అన్నకి ఇవ్వకు, వయసైపోయింది."

తిన్నాం, నవ్వుకున్నాం. మూడోసారి పాస్తా వడ్డించుకుంటూ కీనన్ అన్నాడు. "ఒక విచిత్రం అన్నా. మా వాళ్ళ అనుమతి తీసుకుని మీ హోల్‌బ్రూక్ నాకు ఫోన్ చేశాడు. ఆట గురించి అడుగుతాడనుకుంటే డోనట్ల గురించి అడిగాడు. అదే, మొదటేడు ఫిబ్రవరిలో నేను తేని రోజు ఉంది చూడు, ఆ రోజు ఏం జరిగిందీ అని. అదాయనకెలా తెలిసిందో?"

నేను ఫోర్కు కింద పెట్టి నీళ్ళ గ్లాసు అందుకున్నాను.

"నువ్వేం చెప్పావు?" అంది జియానా.

"అప్పుడేం చెప్పానో అదే. షాపు మూసేశారని. నీ మోకాలి సంగతి ఎత్తలేదులే అన్నా, భయపడకు. మాటంటే మాటే. ఇష్టపడినట్టు లేడు మరి. ఫోన్ పెట్టేశాడు. ఇంక కబురే లేదు." భుజాలెగరేశాడు. "ఈ ఊరొద్దామని ఎంత అనుకున్నానో. నువ్వున్నావు కదా అని."

జియానా నా వైపు చూసింది. ఒక్క క్షణంలో తనకి మొత్తం తెలిసిపోయింది. ఇంకో డోనట్టు తీసి కీనన్ పళ్ళెంలో వేసింది.

నాకు గుర్తులేక కాదు. మొదట్నుంచీ గుర్తుంది. ఆ ఫిబ్రవరిలో నా మోకాలు గుమ్మడికాయలా వాచింది. కాంట్రాక్టు ఆఖర్లో ఉన్నాను, జట్టువాళ్ళకి తెలిస్తే ఇంటికి పంపేస్తారు. రోజూ తెల్లవారుజామున ఐదున్నరకి ఎవరూ రాకముందే వ్యాయామశాలకి వెళ్ళి కుంటుకుంటూ షాట్లు వేసేవాణ్ణి. తోడు వచ్చి బంతులు ఏరి అందించినవాడు ఆ కుర్రాడు. ఒకరోజు మోకాలు పట్టేసి నేను లేవలేకపోతే మోసుకెళ్ళి, ఐసు కట్టి, రెండుగంటలు పక్కనే కూర్చున్నాడు. "ఆలస్యం ఎందుకైందంటే ఏం చెప్పనన్నా?" అనడిగితే, షాపు మూసేశారని చెప్పమన్నది నేనే.

సాయంత్రం ఆటలో వాడు మా మీద ముప్ఫై నాలుగు పాయింట్లు వేశాడు. బంతి పోయినప్పుడల్లా వెనక్కి పరిగెత్తాడు కూడా.

జనవరి 29

జియానా మాట్లాడుతోంది. బాగానే మాట్లాడుతోంది. ఉప్పందించు, దుప్పటి ఇటివ్వు. అంతే.

జనవరి 30, గురువారం

హోల్‌బ్రూక్ గారు నన్ను చూసి తలుపు వేయమనలేదు. నేను వేశాను.

"కీనన్‌ని ఎందుకు వదిలేశారు సార్?"

"నువ్వు చెప్పినదానివల్లే. అడిగితే నాతో కూడా షాపు మూసేశారనే అన్నాడు. ఆ షాపు ఇరవై నాలుగ్గంటలూ తెరిచే ఉంటుంది వెండెల్, కనుక్కున్నాను. రెండేళ్ళ నాటి డోనట్ల కోసం నాతో అబద్ధమాడేవాడికి మూడేళ్ళ కష్టం ఎలా అప్పజెప్పను?"

"ఆ అబద్ధం వాడిది కాదు సార్. నాది."

మోకాలి సంగతి మొత్తం చెప్పాను. తర్వాత ఆపరేషన్ చేయించుకున్నాననీ, ఇప్పుడు బాగానే ఉందనీ కూడా. ఎవరూ చూడనప్పుడు వాడేం చేస్తాడని మీకు అనుమానం పెట్టాను, ఎవరూ చూడనప్పుడు వాడు నా మోకాలికి ఐసు కట్టాడు సార్ అన్నాను.

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. "ఇది చెబితే నీకేమవుతుందో తెలిసే చెబుతున్నావా?"

"తెలుసు సార్. నేను తూనికరాయిని."

"ఆ మాట నీకెవరు చెప్పారు?"

"మా ఎదురింటి మామ్మగారు."

ఆయన ముఖం ఎర్రబడింది, తర్వాత నవ్వొచ్చింది, తర్వాత తల వంచుకున్నారు. "మేష్టారివి అన్నది కూడా అబద్ధం కాదు. రాయి కావాలంటే ఇంకొకణ్ణి కొనేవాణ్ణి. కీనన్ లాంటివాళ్ళ గురించి నాకు నిజం చెప్పే మనిషి ఇంట్లో ఉండాలనుకున్నాను."

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ రోడ్డెక్కాక, రెండురోజుల తర్వాత మొదటిసారి ఆకలేసింది.

ఫిబ్రవరి 2, ఆదివారం

హోల్‌బ్రూక్ గారు టక్సన్‌తో మళ్ళీ బేరం మొదలెట్టారు. లీగు గడువు గురువారం మధ్యాహ్నం మూడింటికి. నా సంతకం కావాలని కాగితం ఇచ్చారు.

జియానాకి చూపించాను. సున్నాలు ఉన్న కాగితంలాగే ఇదీ రెండుసార్లు చదివింది.

"నేను రాలేను. జూన్ దాకా బడి. డాక్టరిక్కడ. మా అమ్మ ఇక్కడ."

"తెలుసు. కాదంటాను. కాదనే హక్కు నాకుంది."

"కాదని ఈ ఇంట్లో ఎలా తిరుగుతావు? కీనన్ డోనట్లు తెచ్చిన బల్ల దగ్గరే కదా నువ్వు రోజూ కూర్చోవాలి." నా చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకుంది. "సీజను ఏప్రిల్ పదమూడుకి అయిపోతుంది, బిడ్డ ఇరవై రెండుకి. టక్సన్ ఆ తర్వాత జరిగే ప్లేఆఫ్ పోటీలకి చేరకపోతే నువ్వొచ్చేస్తావు."

"చేరితే?"

"నువ్వు ఆడుతుంటే ఎలా చేరుతుందయ్యా?"

ఐదురోజుల తర్వాత నాతో నవ్వింది. ఇద్దరం ఏడ్చాం కూడా, కానీ నవ్వుతూనే.

ఫిబ్రవరి 6, గురువారం

రెండూ ఇరవైకి సంతకం పెట్టాను. రెండూ యాభైకి రేడియోలో చెప్పేశారు. వీధిలో కార్ల హారన్లు. ఎవరో గుర్తుపట్టి "థాంక్స్ వెండెల్!" అని అరిచారు. పదకొండేళ్ళలో ఆడినప్పుడు ఒక్కరూ అలా అరవలేదు, వెళ్ళిపోతుంటే అరిచారు.

మామ్మగారు వెంటనే తలుపు తియ్యలేదు. లోపల్నుంచి "మూడు హక్కులు! మూడు!" అని మాత్రం వినపడింది. కాసేపటికి తీసి, సోంపు బిస్కట్ల డబ్బా నా చేతిలో పెట్టి, "కుర్చీ సంగతి నేను చూసుకుంటాను, పో" అన్నారు.

కుర్చీ సంగతి సరే. తవ్వే సంగతి? ఎనిమిదో నెల్లో జియానా పార పట్టకూడదు. కూలికి మనిషిని పెడతానంటే నా తాత చోటు కూలివాడు తవ్వడమేంటని ఎగిరిపడింది. ఏమోలే. ఫిబ్రవరి వచ్చేసింది, ఇక పెద్ద మంచు పడదు.

ఫిబ్రవరి 7

విమానాశ్రయం నుంచి కీనన్‌కి ఫోన్ చేశాను. వాడు అదే సమయానికి ఎదురు విమానం ఎక్కబోతున్నాడు. హోల్‌బ్రూక్‌తో డోనట్ల ముచ్చట చెప్పింది నేనేనని చెప్పేశాను. ఎందుకు చెప్పానో కూడా.



"నువ్వా అన్నా?"

"నేనేరా."

"సరే అన్నా. విమానం పిలుస్తున్నారు."

పెట్టేశాడు.

ఫిబ్రవరి 11

టక్సన్. ఎండ. ఫిబ్రవరిలో నిక్కర్లేసుకుని తిరుగుతున్నారు జనం. ఇక్కడ కారు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు, ఎవరూ తిట్టరు. అదేం బావోలేదు. పోస్టుపెట్టె మీద స్టిక్కరు అంటించారు, నా పేరులో ఒక అక్షరం తప్పు.

కొత్తగా చేరిన కుర్రాడు డోనట్లు తెచ్చాడు. తినలేకపోయాను.

ఫిబ్రవరి 15

కీనన్ ఇరవై తొమ్మిది పాయింట్లు. పిట్స్‌బర్గ్ గెలిచింది. వరసగా రెండోది! బాగా ఆడావురా అని మెసేజ్ పెట్టాను. చూశాడు. జవాబు లేదు.

మామ్మగారు ఏమంటున్నారని జియానాని అడిగాను. "ఏదో, పర్లేదులే" అంటున్నారట. ఆవిడ నోట్లోంచి ఆ మాట ముప్ఫై ఏళ్ళ తర్వాత వచ్చిందట.

ఫిబ్రవరి 20

పిట్స్‌బర్గ్‌లో రెండడుగుల మంచు పడుతుందని టీవీలో చెబుతున్నారు. జియానాకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. బడికి సెలవివ్వలేదట, చోటు తవ్వేవాళ్ళు లేరని కారు వాళ్ళమ్మగారి షెడ్డులో పెట్టేసి బస్సులో వెళ్తుందట. ఎనిమిదో నెల్లో, ఆ జారుడు రోడ్ల మీద! ఇక్కడ కిటికీలోంచి కాక్టస్ చెట్టు కనిపిస్తోంది. దాన్ని చూస్తే ఒళ్ళు మండుతోంది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

పొద్దున్నే జియానా ఫోన్. "బస్సెక్కలేదు. అమ్మ షెడ్డు నుంచి కారు తెచ్చుకుని అందులోనే వెళ్తున్నా. మన చోటు తవ్వేసి ఉంది. మధ్యలో మన కుర్చీ వేసి ఉంది."

"ఎవరు తవ్వారు?"

"నాకేం తెలుసు, నేను నిద్రపోతున్నాను. ఇదిగో, ఈవిడకి అన్నీ తెలుసు" అని ఫోన్ మామ్మగారికిచ్చింది.

"ఐదున్నరకొచ్చాడ్రా మీ పొడుగోడు" అన్నారు మామ్మగారు. ఫోన్లో కూడా కిటికీలోంచి అరిచినట్టే అరుస్తారు. "వీధిలో పురుగు లేదు. నేను దీపం వెయ్యలేదులే. చూస్తున్నానని తెలిస్తే ఎవడైనా బాగానే పని చేస్తాడు. తెర సందులోంచి చూశాను. గంటన్నర తవ్వాడు. ఈసారి సరైన బూట్లు వేసుకొచ్చాడు. మీ చోటు అయ్యాక నా మెట్లు కూడా తవ్వాడు. మీ మెట్ల కింద కుర్చీ ఎక్కడుందో వెతికి, దులిపి, పెట్టాడు. బెల్లు కొట్టలేదు, ఎవర్నీ లేపలేదు. వెళ్ళిపోయాడు."

"మీరేమన్నారు మామ్మగారూ?"

"ఏమంటాను? మూడు హక్కులు మరీ ఎక్కువేం కాదేమో అనుకున్నాను. మనసులోనే అనుకున్నా, నువ్వు రేడియోవాళ్ళకి చెప్పకు."

ఆవిడ మాట్లాడుతుండగానే జియానా ఒక ఫొటో పంపింది. రెండడుగుల మంచులో నలుచదరంగా కోసినట్టు మా చోటు. మధ్యలో చెయ్యి విరిగిన ఆకుపచ్చ కుర్చీ. కుర్చీలో ఒక డోనట్ల పెట్టె. పెట్టె మూత మీద లావాటి నల్ల అక్షరాలతో, "షాపు తెరిచే ఉంది అన్నా."

"ఏ షాపురా అది? ఏ షాపు?" అని ఫోన్లో వెనకనుంచి మామ్మగారు అరుస్తూనే ఉన్నారు. నేను ఫొటో పెద్దది చేసి ఆ మూత మళ్ళీ చదివాను.